తోడల్లుడి బండిలో కునుకు

తోడల్లుడు కొత్త కారు కొన్నాడని మా ఆవిడ చెబితే, సంతోషం అన్నాను. పచ్చి అబద్ధం. కడుపు భగ్గున మండింది.

నాకూ ఉంది ఒక స్పోర్ట్స్ కారు, వయసులో నాకంటే నాలుగేళ్లు పెద్దది. తుక్కు కింద కొని, మామయ్య దగ్గర పని నేర్చుకుంటూ మూడేళ్లు బాగుచేశాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటుంది మా ఆవిడ. అననీ. మామయ్య పేరుమోసిన మెకానిక్. స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి దాని రోగం చెప్పేవారు. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే నా పక్క సీటు ఆయనది. అల్లుళ్లిద్దరిలో నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ ఆదివారం తోడల్లుడు ఊడిపడ్డాడు. తన బండి నాలుగు సెకన్లలో వంద అందుకుంటుందట. నాది అందుకునేలోగా దారిలో ఇద్దరిని పలకరించి రావచ్చు. అతను మీట నొక్కితే చాలు. నేను చోక్ లాగాలి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాలి, ఆపైన బతిమాలుకోవాలి. ఈ ఒక్క వారం తనతో రమ్మని మామయ్యని అడిగాడు. ఆయన నా వైపు చూసి, నసుగుతూనే ఎక్కారు. ఖాళీ సీటుతో నేను వాళ్ల వెనక బయలుదేరాను. ఎంత ఏడుపొచ్చిందో చెప్పను.

సిగ్నల్ దగ్గర ఆగి చూస్తే మామయ్య తల కిటికీకి వాలిపోయి ఉంది. నిద్రపోతున్నారు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత వేగముంటే ఏం లాభం, పక్కనున్న మనిషికి విసుగేగా!

కొండ మీద కాఫీ హోటల్ దగ్గర దిగగానే, తోడల్లుడికి వినపడేలా అడిగాను.

"బండి జోల పాడిందా మామయ్యా?"

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"హాయిగా పట్టింది. నీ బండిలో ఒక్కసారీ కునుకు రాలేదు అల్లుడూ. ఏ చప్పుడు ఎక్కడ మొదలవుతుందోనని చెవులు రెండూ అక్కడే. ఎనిమిదేళ్లుగా నాకు ఆదివారం కూడా డ్యూటీయే."

ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పారు. తోడల్లుడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది.

తిరిగి వెళ్లేటప్పుడు మామయ్య నా బండే ఎక్కారు. ఎందుకో నాకు తెలుసు. రోడ్డెక్కగానే కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, సన్నగా గురక కూడా పెట్టారు. నేను గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమ పాదం మాత్రం కింద లేని క్లచ్ తొక్కుతూనే ఉంది.