టైలరమ్మ కొన్న సైకిలు

సైకిళ్ల షాపాయన ప్రశ్నలు టైలరమ్మకి మొదటినుంచీ నచ్చలేదు.

"ఇల్లెక్కడ? దారిలో ఎత్తులున్నాయా? బరువులేమైనా మోస్తారా? ఒక్కరే వెళ్తారా?"

సైకిలు అమ్మేవాడికి ఈ ఆరాలెందుకు? ఇంటి గుట్టు లాగుతున్నాడని అనుమానమొచ్చి, "ఇక్కడే. చదును రోడ్డు. చేతిసంచి తప్ప ఏమీ ఉండదు," అని బొంకేసింది.

ఆయన సన్న టైర్ల తేలికపాటి సైకిలు ఇచ్చాడు. మర్నాడు బట్టల మూట హ్యాండిల్‌కి తగిలించుకుని ఇంటికెళ్తుంటే గుట్ట సగం ఎక్కేసరికి సైకిలూ, మూటా ఆమె మీదే పడ్డాయి.

మండిపడుతూ షాపుకొచ్చింది. "మూటతో గుట్ట ఎక్కలేని సైకిలు కావాలనే అంటగట్టారు కదూ?"

"గుట్టా? మూటా? మీరు చెప్పలేదేంటమ్మా!"

ఆయన గేర్లూ, వెనక క్యారియరూ ఉన్న సైకిలు బయటికి తీశాడు. "ఇంకేమైనా దాచారా?"

"మోకాలి నొప్పి," అంది నేలచూపులు చూస్తూ.