దిగనంటే దిగనన్న విమానం

దర్జీకి ఏది కుట్టినా రెండంగుళాలు వదులుగా కుట్టడం అలవాటు. బొమ్మ విమానాల పోటీ కోసం పలచటి చెక్కతో, పట్టుగుడ్డతో విమానం తయారుచేసినప్పుడూ ఆ అలవాటు మానలేదు. రెక్కలు మంచమంత పొడుగు. తోకలో పైకీ కిందికీ ఆడే పలక మాత్రం అగ్గిపెట్టెంత.

గడియారాలు బాగుచేసే బావమరిది అది చూసి నోరెళ్లబెట్టాడు.

"బావా, అంత రెక్క గాలిని పట్టుకుంటే ఇక వదలదు. ముక్కు దించాలంటే తోక పలకకి సత్తువుండాలి కదా!"

"పెద్ద పలక పెడితే రిమోట్ పుల్ల మీద వేలు పడితే చాలు, పిల్లిమొగ్గలేస్తుందిరా. నాది పెద్దమనిషిలా పోతుంది," అన్నాడు దర్జీ.

ఆదివారం పొద్దున మైదానంలో పోటీ. స్తంభం చుట్టూ మూడు చుట్లు తిప్పి, సున్నంతో గీసిన వలయంలో దించాలి. దర్జీ విమానం మూడు చుట్లూ ముచ్చటగా తిరిగింది. అతను మోటారు ఆపి రిమోట్ పుల్లని ముందుకు నొక్కాడు. తోక పలక ఆడింది. విమానం కాస్త ముక్కు వంచి, మళ్లీ సర్దుకుని, తీరిగ్గా నాలుగో చుట్టు మొదలెట్టింది.

న్యాయనిర్ణేత రిటైరైన స్టేషన్ మాస్టరు. "అన్నీ దిగేదాకా ఫలితం చెప్పకూడదు, ఎవరూ కదలకూడదు. రూలు!" అని కుర్చీలో బిగుసుకుపోయాడు.

మధ్యాహ్నానికి ఇళ్ల నుంచి పొయ్యిలొచ్చాయి. సోమవారానికి మంగలి తన అద్దం తెప్పించి స్తంభానికి తగిలించాడు. గుమాస్తాలు ఆఫీసు బల్లలు తెప్పించుకున్నారు. విమానం మాత్రం గద్దలా తిరుగుతూనే ఉంది. దర్జీకి సిగ్గుతో తల దించుకోవాలని ఉంది, కానీ దించుకుంటే విమానం కనబడదు.

మంగళవారం అతని భార్య క్యారేజీ తెచ్చింది. ఓసారి పొయ్యిల వంక, ఓసారి పైకి చూసింది.

"ఏవండీ, కింద ఇన్ని పొయ్యిలు పెట్టి వేడిగాలి పైకి పంపిస్తుంటే, అంతేసి రెక్కలున్నది ఎందుకు దిగుతుంది? ముందు వీటిని ఆర్పించండి."

దర్జీ అందరినీ బతిమాలాడు. "కూర దించాక చూద్దాంలే," అన్నారు జనం. స్టేషన్ మాస్టరు కాగితాలు తిరగేసి, "పొయ్యిల సంగతి రూల్లో లేదయ్యా," అన్నాడు.

ఆవిడ ఇంకెవర్నీ అడగలేదు. బకెట్టు నిండా నీళ్లు తెచ్చి ఒక్కో పొయ్యీ ఆర్పుకుంటూ వచ్చింది. కేకలు, పొగ, బూడిద. చివరిది స్టేషన్ మాస్టరు టీ పొయ్యి. ఆయన దాన్ని టోపీతో కప్పబోయాడు. టోపీ కూడా తడిసింది.

విమానం కాసేపు తటపటాయించి, మెల్లగా కిందికి జారి, వచ్చి వచ్చి ఆయన ఒళ్లోనే కూర్చుంది.

ఆయన కదల్లేదు. "టేపు ఉందా?" అని అడిగి, తన కుర్చీ నుంచి వలయం దాకా దర్జీ చేతే కొలిపించాడు. "ఆరడుగులు బయట. ఓడిపోయావు." ఆ తర్వాత రెక్క మీది బూడిద తుడుస్తూ, గొంతు తగ్గించి అన్నాడు: "నా సర్వీసులో ఇంత ఆలస్యంగా వచ్చిన బండి లేదయ్యా. ఇంత అందంగా వచ్చిందీ లేదు."

దర్జీ ఇంటికెళ్లి రెక్కలు చెరో జానెడు కోశాడు, తోక పలక అరచేయంత చేశాడు. బావమరిది రిమోట్ పుచ్చుకుని ఎగరేశాడు. దించమంటే చెప్పినచోటే దిగింది.

"చూశావా బావా!"

"చూశాను," అన్నాడు దర్జీ. కోసిన రెక్కముక్కల్ని జాగ్రత్తగా చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.