నాలుగంగుళాల ఖాళీ

ఈదయ్య ఇటుకను తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా పట్టుకుని పైకి తీశాడు. పొడి ఇటుక సిమెంటులోని నీరంతా తాగేస్తుంది. మక్తల్ దగ్గరి ఊరు విడిచి వచ్చిన ఇరవై రెండేళ్లలో అతను ఏ ఇటుకనూ తొందరపెట్టలేదు. చిక్కడపల్లి గల్లీల్లో పదకొండు ఇళ్లు, నారాయణగూడలో ఒక హాస్టలు అతని చేతి మీదుగా లేచాయి. రంగులు పడ్డాక వాటి లోపల ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అతని కుడి బొటనవేలి గోరు సున్నానికి తెల్లబడి, పక్కకు వంగిపోయింది.

ఇప్పుడు అశోక్ నగర్‌లో దక్షిణామూర్తిగారు కట్టిస్తున్నది పాటలు రికార్డు చేసే స్టూడియో. గది లోపల మరో గది. బయటి చప్పుడు లోపలికి రాకుండా రెండు గోడల మధ్య నాలుగంగుళాల ఖాళీ. లోపలి గదికి చెక్క కప్పు, దానిపైన మనిషి పాకేంత జాగా వదిలి స్లాబు. బంద్‌ల మూలంగా ఆరు నెలలు ఆగి, మళ్లీ మొదలైన పని.

“సారు గాలికి ఇల్లు కట్టిస్తుండు,” అని నవ్వేది ఇటుకలు మోసే తిమ్మమ్మ.

ఆ ఉదయమే బరువైన తలుపులు రెండూ బిగించారు. లోపల అరగంట కూర్చున్న దక్షిణామూర్తిగారు ముఖం మాడ్చుకుని మెట్ల దగ్గరికి వచ్చారు.

“బస్సు మలుపు తిరిగితే చప్పుడు గదిలోకి వచ్చేస్తోందయ్యా. ఖాళీలో ఏమీ ఉండకూడదని చెప్పానా లేదా? ఇలాగైతే మద్రాసు నుంచి మేస్త్రీని రప్పించాల్సిందే.”

ఈదయ్య తాపీ కింద పెట్టాడు.

“ఉన్నయ్ సారూ. మూడు జాగల కట్టు ఇటుక పెట్టిన. ఈ గోడ ఆ గోడను పట్టుకునేటట్టు.”

“ఎందుకయ్యా?”

“ఒంటి గోడ నిలవడది.”

అతని భార్య నర్సింహమ్మ అడిక్‌మెట్‌లో ఒక ఒంటి గోడ కిందే పోయింది. అప్పటినుంచి ఏ గోడనూ అతను ఒంటరిగా వదల్లేదు. ఆ సంగతి తిమ్మమ్మకు తెలుసు. ఆమె నవ్వలేదు.

“నాలుగు గోడలూ మూలల్లో ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయిగా, పడదు,” అన్నారాయన మెత్తబడి. “లోపలికి శబ్దం ఆ ఇటుకల మీదుగానే నడిచి వస్తోంది.”

“మద్రాసాయన ఎందుకు సారూ,” అన్నాడు ఈదయ్య. “నేను పెట్టిన, నేనే తీస్త.”

పొడుగాటి గడ్డపార తీసుకుని నిచ్చెన ఎక్కి, చెక్క కప్పు మీద బోర్లా పాకాడు. మొదటి ఇటుక విరిగినప్పుడు ఊపిరి బిగబట్టి, లోపలి గోడ మీద అరచెయ్యి ఆనించి ఉంచాడు. గోడ కదల్లేదు. రెండోదానికి మధ్యాహ్నమైంది. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. కింద, బయటి గోడలో ఒక ఇటుక తీసిన కంతలోంచి తిమ్మమ్మ పెళ్లలు లాగి తట్టకెత్తింది.

“జర దిగి నీళ్లు తాగు మేస్త్రీ, మొండోడా!”

“అయినంక తాగుత.”

మూడోది కూడా పడ్డాక, గోడ నిలువు చూసే ఇత్తడి గుండును దారానికి కట్టి ఖాళీలోకి దించాడు. గోడ పొడుగునా జరుపుకుంటూ వచ్చాడు.

“యాడన్న ముట్టిందా?”

తిమ్మమ్మ కంత దగ్గర చెవి పెట్టి విని, తర్వాత లోపలికి తొంగి చూసింది. గుండు ఆమె కళ్ల ముందే నిశ్శబ్దంగా ఆగింది.

“లే.”

“ఇగ మూసెయ్. సారును లోపటికి పోయి ఇనమను.”

దక్షిణామూర్తిగారు లోపలికి వెళ్లి తలుపులు వేసుకున్నారు. తిమ్మమ్మ తడి ఇటుక పెట్టి కంత మూసింది. పైనున్న మేస్త్రీని పిలిచింది. మళ్లీ పిలిచింది. నిచ్చెనెక్కి చూస్తే, ఈదయ్య చెక్క మీద చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. భుజం పట్టి కుదిపింది. చెయ్యి జారి వేలాడింది.

ఆమె దిగి వచ్చి స్టూడియో తలుపు మీద పిడికిళ్లతో బాదింది. అరిచింది. పక్క ఇళ్లవాళ్లు బయటికి వచ్చారు. తలుపు మాత్రం చాలాసేపటికి తెరుచుకుంది.

“మేస్త్రీ ఏడీ?” దక్షిణామూర్తిగారి ముఖం వెలిగిపోతోంది. “మూడు బస్సులైనా వెళ్లుంటాయి. ఒక్కటీ వినబడలేదు!”

తిమ్మమ్మ చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి.

“నేను ఇంతసేపు కొట్టింది గూడ ఇనవడలే గద సారూ,” అంది.

పక్కన మరో ఇంటి పనిలో ఉన్న కూలీలు నలుగురు వచ్చి ఈదయ్యను కిందికి దించారు. కప్పు అంచున మేకుకు చుట్టి ఉన్న దారాన్ని ఎవరూ చూడలేదు. దాని చివర, మూసేసిన ఆ చీకట్లో, ఇత్తడి గుండు ఇటు గోడనూ అటు గోడనూ తాకకుండా నిలిచి ఉంది.