బియ్యంలో పైపర్

పళ్ళెంలో బియ్యం పరిచింది నేనే. దాని మీద అన్నయ్య ఉంగరంతో పాప పేరు రాయాలి. రాసి, పాప చెవిలో చెప్పాలి. బారసాలలో తండ్రి చెయ్యవలసింది అంతే. అయినా పొద్దుటి నుంచీ అన్నయ్య చేతులు ఒకచోట నిలవడం లేదు.

పేరు వదిన ఎంచుకుంది. పైపర్. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా వీధిలోనే ఒక టేలర్, ఒక హార్పర్ ఉన్నారు. ఇద్దరూ ఆడపిల్లలే. ఎప్పటివో తాతల చేతిపనులు ఇక్కడివాళ్ళకు ఇంటిపేర్లయ్యాయట, ఇప్పుడవే ఆడపిల్లల పేర్లయ్యాయి. పైపర్ అంటే సన్నాయి లాంటిది ఊదేవాడు.

మా నాన్న రామానుజం బతుకంతా అమలాపురం చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించాడు.

"మావయ్య కూడా మ్యూజిషియనే కదా. ఆయనకి సర్‌ప్రైజ్" అంది వదిన. మెల్‌బోర్న్‌లో పుట్టిన రుచిత వదినకు అది మంచి సంగతి. అన్నయ్య ఔననలేదు, కాదనలేదు. వదినకు తెలియనిది ఒకటుంది. నాన్నకు వీసా రాగానే వదిన వాళ్ళమ్మ శేషుకుమారి ఆంటీ అన్నయ్యకు ఫోన్ చేసి, మా ఫ్రెండ్స్ అందరికీ మీ నాన్నగారు రిటైర్డ్ టీచరని చెప్పాను, అలాగే ఉండనీ, అన్నారు. నాన్న ఏమీ అనుకోలేదు. మా హైస్కూలు హెడ్‌మాస్టర్ల పేర్లన్నీ బట్టీపట్టి విమానం ఎక్కాడు.

ఆంటీకి పేరు ఇవాళే తెలిసింది. వంటింట్లో నేను కొబ్బరి కోరుతుంటే అన్నయ్యను పక్కకు పిలిచారు.

"పైపరా? బుర్రుందా జశ్వంత్ నీకు? ఎవరైనా మీనింగ్ అడిగితే రుచిత నోరు ఊరుకుంటుందా? నేనేమో మీ నాన్నగారు టీచరని చెప్పి కూర్చున్నాను!"

"రుచితకి చెప్పలేదా ఆంటీ మీరు?"

"ఏమని చెప్పను? దానికివన్నీ అర్థమవుతాయా? లిఖిత అని రాసెయ్. తర్వాత రుచిత సంగతి నేను చూసుకుంటా."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కొబ్బరి వైపు చూశాను.

హాల్లో నాన్న సోఫా అంచున కూర్చున్నాడు. పక్కనే ఆంటీ వాళ్ళ స్నేహితుడు శేషాద్రి అంకుల్.

"మాస్టారూ, ఏం చెప్పేవారు?"

"ఆయ్, లెక్కలండి."

"అయితే మా మనవరాలికి కాస్త ట్యూషన్ చెప్పండి. దాని పేరు టేలరు! మా కోడలితో అన్నాను, టేలరేంటమ్మా, కుట్టుమిషన్ కూడా కొనమంటావా అని!"

అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. ఆయన వేళ్ళు మాత్రం మోకాలి మీద లేస్తూ పడుతూ ఉన్నాయి, సన్నాయి రంధ్రాలు మూసి తెరుస్తున్నట్టు. కంగారు పుడితే నాన్నకదే అలవాటు. మేళం చూసినవాళ్ళెవరైనా ఇట్టే పట్టేస్తారు. నేను వెళ్ళి ఆయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టాను.

వదిన పాపను ఎత్తుకుని లోపలి గదిలోంచి వచ్చి పీట మీద కూర్చుంది. అన్నయ్య ఉంగరం తీసి బియ్యంలో 'పై' అని రాశాడు. ఆగిపోయాడు.

"పై అంటే? పైడితల్లా?" అన్నారు శేషాద్రి అంకుల్ ముందుకు వంగి.

"పైపర్, అంకుల్" అంది వదిన.

"పైపరా? అంటే మేళం వాళ్ళు కదమ్మా! పెళ్ళిళ్ళలో ఆఖరి పంక్తిలో కూర్చోబెడతామే, వాళ్ళ పేరా ఈ బంగారుతల్లికి?"

మళ్ళీ నవ్వులు. "అది ఊరికే ముద్దుకండీ" అన్నారు ఆంటీ గబగబా. "అసలు పేరు లిఖిత. రాయి బాబూ."

"వాట్? మమ్, మావయ్య కూడా..." వదిన భుజం మీద ఆంటీ చెయ్యి గట్టిగా బిగుసుకుంది.

నాన్న లేచాడు. "చెరిపెయ్యరా అబ్బాయీ. లిఖిత మాంచి పేరు" అంటూ తనే వంగి బియ్యం చదును చెయ్యబోయాడు.

అన్నయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆఖరి పంక్తిలో నేనూ తిన్నాను అంకుల్. మా నాన్న పక్కన కూర్చుని. నాన్న టీచర్ కాదు. సన్నాయి వాయిస్తారు."

శేషాద్రి అంకుల్ తన సాక్సుల వైపు చూసుకున్నారు. ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయారు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

నాన్న ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. "ఎందుకురా? బాగానే చెబుతున్నానుగా" అన్నాడు మెల్లిగా.

అన్నయ్య మిగతా అక్షరాలు రాశాడు. ఆఖరిది పళ్ళెం అంచుదాకా పోయింది. వదిన పాపను తెచ్చి నాన్న చేతుల్లో పెట్టింది. ఆమె కళ్ళు వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి.

"చెవిలో నువ్వే చెప్పు నాన్నా" అన్నాడు అన్నయ్య.

నాన్న చుట్టూ చూశాడు. పెదవులు తడుపుకున్నాడు, సన్నాయి ఎత్తేముందు తడుపుకున్నట్టే. వంగి, పాప చెవి దగ్గర "పైపరు" అన్నాడు. ఎవరికీ వినపడలేదేమోనని కాబోలు, మళ్ళీ కాస్త గట్టిగా అన్నాడు.

వంటింట్లో కుళాయి ఇంకా పారుతూనే ఉంది.