పదికి ఎన్ని

హనుమయ్య సబ్బు గిన్నెతో నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి ముగ్గురి పొట్టలు గొరగడం అయిపోయింది. ఆపరేషన్‌కి ముందు గొరగడం అతని పని. జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన ఏడాది చిన్న డాక్టరు వెంకటకృష్ణారావు దానికి ఇంకోటి తగిలించాడు: కోతకి ఎంత సిద్ధంగా ఉన్నారో రోగినే అడిగి, పదికి ఎన్నో కాగితం మీద వెయ్యాలి.

అందరూ పదే అనేవారు. తక్కువ చెబితే డాక్టరుగారు చిన్నబుచ్చుకుంటారని బెంగ. మూడో తరగతితో బడి మానేసిన హనుమయ్య ఆ పదుల్ని నమ్మలేదు. ఇరవై రెండేళ్లుగా అతని కొలత వేరు, దాన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కత్తి పెట్టే ముందు మొలతాడు విప్పమంటాడు. మగాడికి మొలతాడు తీసేది చచ్చాకే గనక, చెయ్యి ముడి మీద ఎంతసేపు ఆగుతుందో చూస్తాడు; ఎంత ఆగితే సిద్ధం అంత తక్కువ.

నాలుగో మంచం సూరయ్యది. కొల్లేటి జాలరి, కడుపులో పుండు. డొక్కలు లోపలికి పోయాయి. వేళ్ల సందుల్లో వల తాడు కోసిన గీతలు.

"ఎన్నెయ్యమంటావు?"

"పదెయ్యండి బాబూ."

"మరి మొలతాడు విప్పు."

సూరయ్య ముడిని గుప్పిట బిగించాడు. "మాయావిడ ఆకివీడు బండికి వస్తాదండి. దాని చేతికే ఇస్తా."

హనుమయ్య మొదటిసారి తన కొలతతో రెండు వేశాడు.

నర్సు శౌరమ్మ వచ్చి కత్తెర చాపింది. "పెద్ద డాక్టరుగారు కాసుక్కూర్చున్నారు. కోసి పారెయ్యవయ్యా."

"నేను కొయ్యనమ్మా. ఐదో మంచానికి గొరిగేస్తా, ముందు అతన్ని పంపండి."

"నీ ఉద్యోగం పోద్ది."

"పోనివ్వండి."

ఐదో మంచమే వెళ్లింది. పదకొండింటికి కొండలమ్మ వచ్చింది, జుట్టంతా రైలు పొగ వాసనతో. సూరయ్య తనే ముడి విప్పి పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆమె కొంగున కట్టుకుంది. గొరుగుతుంటే కత్తి కింద పొట్ట కదల్లేదు. హనుమయ్య రెండు కొట్టేసి పది వేశాడు.

ట్రాలీ ఎక్కబోతూ సూరయ్య చెవి మీది సగం చుట్ట తీసి కిటికీలో పెట్టాడు. "ఊడ్చెయ్యమాకండి. వచ్చి కాల్చుకుంటా."

మత్తు దిగకుండానే పోయాడు. పొద్దువాలేసరికి కొండలమ్మ శవాన్ని తీసుకెళ్లిపోయింది.

చిన్న డాక్టరు కాగితం చూసి పెన్ను తీశాడు. "మనిషే పోయాడు కదా. ఈ పది కొట్టేద్దాం, హనుమయ్యా."

"వద్దండి." హనుమయ్య ఆ అంకె మీద అరచెయ్యి వేశాడు. "తతిమ్మావి కొట్టెయ్యండి. అవి మీ మొహం చూసి చెప్పినవి. ఇదొక్కటేనండి పది."

డాక్టరు పెన్ను మూసేదాకా చెయ్యి తియ్యలేదు.

నాలుగో మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. కిటికీలో చుట్ట అలాగే ఉంది, కొరికిన కొస మంచం వైపుకి.