ప్రశ్న మార్చి అడుగు

బావ కొత్త విజిటింగ్ కార్డు మీద 'ఏఐ సలహాదారు' అని అచ్చు వేయించుకున్నాడు. పాత కార్డు మీద 'డిజిటల్ నిపుణుడు' అని ఉండేది, అంతకు ముందుది ఇంకేదో. బజారులో ఏ విద్య పేరు మోగుతుంటే ఆ విద్య ఆయనకు తెల్లారేసరికి వచ్చి కూర్చుంటుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోవడానికి మాత్రం ఇప్పటికీ భార్యనే పిలుస్తాడు.

ఆయన అమ్మే సరుకు ఇది. ఈ రోజుల్లో కంపెనీలు సొంతంగా కంప్యూటర్లు కొనుక్కోవు. ఎక్కడో ఉన్నవాటిని అద్దెకు తీసుకుని, దాన్ని క్లౌడ్ అంటాయి. వాడినా వాడకపోయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ అద్దె తగ్గించే మార్గం మా ఏఐ చెబుతుంది, తగ్గినదాంట్లో మాకు వాటా ఇవ్వండి అని బావ కోటు తొడుక్కుని తిరుగుతాడు. ఆ ఏఐ కూడా ఆయన కన్నది కాదు. ఊరందరూ నెలచందా కట్టి వాడుకునేదే. దానికి ఒక పేరు పెట్టి, నీలం రంగు బొమ్మ అతికించాడు, అంతే.

అసలు పని తెలిసినవాడు బావమరిది. పాత కంపెనీ మూతపడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటుంటే, అక్క పోరు పడలేక బావ ఇతన్ని చేరదీశాడు. ఆ సంగతి వారానికి ఒకసారైనా గుర్తుచేయకపోతే బావకు తిన్నది అరగదు. బావమరిది తలొంచుకుని వింటాడు. వినడంలో అతనికి మంచి ప్రావీణ్యం ఉంది.

ఈసారి దొరికిన బేరం ఒక చిన్న కంపెనీ. రక్తపరీక్షల ఫలితాలను ల్యాబుల నుంచి ఆసుపత్రులకు చేరవేయడం దాని పని. దాని ఎండీ ఏదో సభలో బావ ఉపన్యాసం విని, ఆ పూటే ఫోన్ చేశాడు. ఏఐ అన్న మాట వినబడితే చాలు, జేబు దానంతట అదే తెరుచుకునే రకం.

అక్కడ క్లౌడ్ చూసుకునేది ఒకే ఒక మనిషి. ఎవరు ఏ మెషీను ఆపకుండా ఇంటికి వెళ్లినా వెతికి పట్టుకుని చివాట్లు పెడుతుందని ఆఫీసులో అందరూ ఆవిడను మీటరమ్మ అంటారు. బావమరిది మొదటి ఉద్యోగంలో ఆవిడే అతని పైఅధికారి. పని ఓనమాల నుంచి నేర్పింది ఆవిడే.

"ఏరా, నువ్వా వచ్చింది! ఎవడో కోటుగాడు వస్తాడని భయపడ్డాను," అంటూ నవ్వి, క్లౌడ్ పాస్‌వర్డులన్నీ తీసి ముందు పెట్టింది. "మొత్తం చూడు. నా కంటికి ఆనని దుబారా ఏదైనా ఉంటే మొహమాటపడకుండా చెప్పు."

బావమరిది మొత్తం చూశాడు. దుబారా లేదు. పొద్దున ల్యాబులు తెరిచే వేళకు మెషీన్లు పెరుగుతున్నాయి, రద్దీ తగ్గగానే వాటంతటవే ఆగిపోతున్నాయి. ఏదైనా చెడిపోతే ఆదుకోవడానికి రెండు ఖాళీగా ఉన్నాయి, అవి ఎందుకున్నాయో పక్కనే రాసిపెట్టి ఉంది. లెక్కలన్నీ బావగారి నీలిబొమ్మకు ఇచ్చి, ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చు అని అడిగాడు. తగ్గించడానికి దాదాపు ఏమీ లేదని, దీన్ని నడుపుతున్న మనిషిని పోగొట్టుకోవద్దని అది జవాబిచ్చింది.

అతనికి సంతోషం కలిగింది. తన పరీక్ష ఫలితం వచ్చినంత సంబరంగా తీసుకెళ్లి బావకు చూపించాడు.

బావ చదివి, పురుగు పడిన కాఫీ కప్పులా ల్యాప్‌టాప్‌ను పక్కకు తోశాడు. "ఇది పట్టుకెళ్లి ఇస్తే మనకు వాటా ఏం వస్తుంది, గాడిద గుడ్డు? ప్రశ్న మార్చి అడుగు."

ఆ సంస్థలో పని జరిగే తీరే అది. కావలసిన జవాబు వచ్చేదాకా ప్రశ్న మార్చాలి. వచ్చాక, ముందు వచ్చినవి చెరిపేయాలి. మిగిలినదానికి పెద్ద అక్షరాలతో 'ఏఐ నిర్ధారణ' అని తగిలించాలి. బావమరిది ఆ ఖాళీ మెషీన్ల గురించి మార్చి అడిగాడు. వాటి జోలికి పోవద్దంది. ఇంకోలా అడిగాడు. మళ్లీ అదే మాట. చివరికి బావే విసుగెత్తి పక్కన కూర్చుని చెప్పాడు: "మెషీన్ల పని మొత్తం దానంతట అదే జరిగిపోతుందనుకో, అప్పుడు మిగిలే అనవసరపు ఖర్చేంటో అడుగు."

అడిగితే చెప్పింది. మీటరమ్మ జీతం.

"బావా, ఆవిడ నాకు పని నేర్పిన మనిషి," అన్నాడు బావమరిది.

"నేర్చుకున్నావుగా, ఇంకా ఆవిడెందుకు?"

ఆ మాటకు చెంప పగలగొట్టే జవాబులు అతనికి బోలెడన్ని తోచాయి, అన్నీ మర్నాడు స్నానం చేస్తుంటే తోచాయి. ఆ పూట మాత్రం బుద్ధిగా కూర్చుని రిపోర్టు రాశాడు.

అద్దాల గదిలో సమావేశం. తెర మీద నీలిబొమ్మ గిర్రున తిరిగింది. బావ అరగంట సేపు కోతలు కోశాడు. భవిష్యత్తు అన్నాడు, విప్లవం అన్నాడు, అర్థం తెలియని ఇంగ్లీషు మాటలు దొర్లించాడు. ఎండీ తల ఊపుతూనే ఉన్నాడు. ఆ ఊపుడు చూస్తే అతని బుర్రలో కదిలే వస్తువు ఏదీ లేదని ఎవరికైనా తెలిసిపోతుంది. చివరి పేజీలో, ఆవిడ ఉద్యోగం అక్కర్లేదని ఏఐ తేల్చినట్టు ఉంది. ఆవిడ అక్కడే, బల్లకు ఆ చివర కూర్చుని చదివింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

"ఒక్క మాట సార్. ఇలాంటివి నేనూ వాడాను. అడిగే తీరును బట్టి చెబుతాయి అవి." ఆవిడ బావ వైపు చూడనైనా లేదు, బావమరిది వైపు తిరిగింది. "ఏరా, ఏ షరతూ పెట్టకుండా మొదటిసారి అడిగినప్పుడు ఏం చెప్పింది?"

ఎండీ కూడా ఇటు తిరిగాడు. ఊపుడు ఆగింది. "అవునయ్యా, అప్పుడు వేరేలా చెప్పి ఉంటే ఇది ఇక్కడితో ఆపేద్దాం. ఇన్నేళ్ల మనిషిని ఊరికే పంపించడం నాకూ ఇష్టం లేదు."

ఇంకేం కావాలి? ఒక్క మాట. నోరు తెరిచి, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. బావ మహా అయితే ఉద్యోగం పీకేసేవాడు, అక్క నాలుగు రోజులు ముక్కు చీదేది. బావ ఇతని వైపు కన్నెత్తి కూడా చూడకుండా ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. తన పెంపుడు మనిషి మీద ఆయనకు అంత నమ్మకం.

"ఇదే చెప్పింది మేడమ్," అన్నాడు బావమరిది.

ఆవిడ రిపోర్టు మూసింది. తర్వాత ఎండీతో అంది: "అయితే సరే సార్. ఆయనెవరో నాకు తెలీదు గానీ, వీణ్ణి తెలుసు. వీడు నా చేతికింద పెరిగాడు, లెక్క దగ్గర అబద్ధమాడడు. నేనే ఎక్కడో పొరబడ్డాను."

ఎండీ హాయిగా ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టేశాడు. పాపం పంచుకునేవాడు దొరికితే ఇలాంటివాళ్లకు చెయ్యి చకచకా ఆడుతుంది.

బయట లిఫ్టు దగ్గర బావ ఇతని వీపు మీద ఒక్కటి చరిచి, "మగాడివి అనిపించుకున్నావురా!" అన్నాడు. మెచ్చుకోలు విని బావమరిది నవ్వాడు కూడా. ఛీ, ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

వెనక నుంచి అడుగుల చప్పుడు. రిపోర్టు చేత్తో పట్టుకుని ఆవిడ గబగబా వస్తోంది. తిట్టడానికే అనుకుని ఇతను లిఫ్టు మీట మళ్లీ నొక్కాడు.

"ఉండరా," అంది ఆవిడ, ఆయాసపడుతూ. "రెండుసార్లు చదివాను, తప్పెక్కడ చేశానో తెలియడం లేదు. రేపు ఇంకోచోటికి వెళ్లినా ఇదే తప్పు చేస్తాను కదా. నీకు తీరిక ఉన్నప్పుడు ఒకసారి కూర్చోబెట్టి నేర్పవూ?"

లిఫ్టు వచ్చింది. బావ ముందే ఎక్కి నిలబడ్డాడు.

"అలాగే మేడమ్," అని బావమరిది కూడా ఎక్కాడు.