దొరసాని పాట, అచ్చన్న కాలు

భార్య మల్లిక సంవత్సరీకం నాడు, పంతులుగారు భోజనం చేసి వెళ్లాక, అచ్చన్న పియానో ముందు కూర్చున్నాడు. ఈ ఒక్కరోజైనా ఆ పాట సరిగ్గా వినిపించి ఆవిడను సాగనంపాలని అతని పట్టుదల.

బర్మాలో, తామ్వే పేటలోని ఆ ఇరుకు గదిలో సగం చోటు పియానోదే. అచ్చన్న తండ్రి ఒక దొర దుకాణంలో వాద్యాలు తుడిచేవాడు. యుద్ధం వచ్చి దొర ఓడెక్కినప్పుడు ఈ పియానో తండ్రి చేతికొచ్చింది. వేళ్లతో వాయించేది కాదు. కింద పలకలు తొక్కితే లోపల చిల్లుల కాగితం చుట్ట తిరుగుతుంది. చిల్లు వచ్చినచోట మెట్టు దానంతటదే దిగుతుంది. ఆ చుట్టకు జతగా ఒక రికార్డు. రికార్డులో ఎవరో దొరసాని పాడుతుంది, వాద్యమంతా కాగితంలో ఉంటుంది. రెండూ కలిసి నడిస్తేనే పాట. ఆవిడ ఏం పాడుతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెళ్లైన కొత్తలోనే పని పంచుకున్నారు. తొక్కడం అచ్చన్నది, గ్రామఫోనుకు కీ ఇచ్చి సూది పెట్టడం మల్లికది. రికార్డు ఎవరికోసమూ ఆగదు కదా, తానే దాన్ని అందుకుంటున్నానని అచ్చన్నకు గొప్ప. మోకాలు అరిగాక కూడా పాట తప్పలేదు.

"సూసావా, ఈ కాల్లో ఇంకా సత్తువుంది" అనేవాడు.

"నీ కాలికేటి, ఏనుగు కాలు" అని నవ్వేది మల్లిక.

ఒక్కటే లోపం. దొరసాని గొంతు ఏటేటా బొంగురుపోతూ వచ్చింది. రికార్డుకూ ముసలితనం వచ్చిందనుకున్నాడు.

మల్లిక పోయాక అంతా తారుమారైంది. దొరసాని గొంతు మళ్లీ సన్నగా, పడుచుగా మారింది. పాట ఉరుకుతోంది, పియానో వెనకబడుతోంది. గ్రామఫోను చెడిందనుకున్నాడు. సైకిల్ ట్యూబు కోసి, పియానో చుట్టకూ గ్రామఫోను పళ్లేనికీ కలిపి పట్టీలా తగిలించాడు. వదులుగా ఉంటే జారింది, బిగిస్తే తెగింది. ఈ ఉదయం దీపం పెట్టి, "స్వామీ, ఒక్కసారి కలుపు" అని మొక్కి కొత్త పట్టీ వేశాడు. ఇప్పుడు అదీ తెగింది.

కింద వాటాలో ఉండే సు సు అనే అమ్మాయి గిన్నెలు కడిగి లోపలికొచ్చింది. తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా ఆవిడ. మల్లిక దగ్గరే పెరిగిన పిల్ల.

"అమలే!" అని తల్లి భాషలో ఆశ్చర్యపోయింది. "మళ్లీ తెగిందేటి మావయ్యా? దానికి ఉరేస్తన్నట్టున్నావు."

"నవ్వకే. ఇది పరిగెట్టేస్తంది."

"మరి అత్తలాగ సెయ్యేస్తే సరి."

"సెయ్యేటి?"

సు సు తెల్లబోయింది. "నీకు తెల్దా? నువ్వు కాగితంకేసే సూస్తా తొక్కీవోడివి. అత్త నీ ఎనకాల పైటకొంగు వేలికి సుట్టుకుని పళ్లెం అంచుకి ఆనించీది. నీ కాలు నెమ్మదైతే దాన్నీ నెమ్మది సేసీది, అందుకే దొరసాని గొంతు బొంగురుపోయీది. నాకేసి సూసి, సెప్పకని కన్నుగీటీది."

అచ్చన్నకు ఆ కొంగు గుర్తొచ్చింది. మల్లిక చీరలన్నిటికీ కొంగు మూల నల్లటి జిడ్డు మరక ఉండేది. ఏమిటని అడిగితే దేవుడి దీపం నూనె అనేది. దేవుడి పేరు చెప్పి ఇన్నేళ్లు అబద్ధమాడిందా! పటం వైపు చూశాడు. పొద్దుటి దీపం ఇంకా వెలుగుతోంది. అది పాపమేనా స్వామీ? పాపమైతే, దాని సుఖమంతా అనుభవించినవాణ్ణి ఏం చేస్తావు?

"నానెట్టనా సెయ్యి?" అంది సు సు మెల్లగా.

అచ్చన్న తెగిన ట్యూబు ముక్కను తీసి పక్కన పడేశాడు.

"వద్దమ్మా. సూది మాత్రం పెట్టు. దాని నడక దాన్ని నడవనీ."

పాట మొదలైంది. మొదటి నాలుగు అడుగులూ కలిసే వెళ్లాయి. తర్వాత దొరసాని ముందుకు పోయింది. అచ్చన్న పరుగెత్తలేదు. ఆవిడ పాడి ముగించింది. సూది గీతలో గరగరమంటోంది. సు సు ఎత్తబోతే వద్దని తల ఊపాడు.

కాగితం ఇంకా మిగిలి ఉంది. అచ్చన్న తొక్కుతూనే ఉన్నాడు.